డాక్టరు అలసట, రోగి కులం

వైద్య విద్యార్థి అలిసిపోతే రోగి పట్ల సహానుభూతి తగ్గుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. 1981లో మాస్లాక్, జాక్సన్ తయారు చేసిన 22 ప్రశ్నల కొలబద్ద ఆ అలసటను మూడు ముక్కలుగా చూస్తుంది: మనసు ఎండిపోవడం, ఎదుటి మనిషిని వస్తువుగా చూడడం, చేసే పనికి విలువ లేదనిపించడం. అమెరికాలోని జెఫర్సన్ వైద్య కళాశాల వాళ్లు 20 ప్రశ్నలతో సహానుభూతిని కొలిచారు. విద్యార్థి వార్డులో అడుగుపెట్టే మూడో ఏడాదిలోనే అది పడిపోతోందని 2009లో చూపించారు. ఇందులో నిజముంది, కాదనను. కానీ ఈ కొలబద్దల్ని గుంటూరు, ప్రకాశం వార్డుల్లోకి తెస్తే ఒక ప్రశ్న అడగాలి. అలిసిన డాక్టరు ఎవరి మీద అరుస్తాడు?

నేను చూసిందే చెప్తాను. మిరప తోటలో పడిపోయిన మా చిన్నాయనను ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. నోట్లోంచి సొంగ, ఒళ్లంతా చెమట. "ఏమైంది?" అన్నాడు హౌస్ సర్జన్. "మందు కొట్టాడయ్యా" అంది చిన్నమ్మ. "తాగొచ్చి మా ప్రాణాలు తీస్తారు" అంటూ అతను పక్క మంచం దగ్గరికి పోయాడు. మందు కొట్టడమంటే మా ఊళ్లో కూలి. అతని చెవికి అది తాగుడు.

కాసేపటికి అదే డ్యూటీలో ఉన్న ఇంకో హౌస్ సర్జన్ వచ్చాడు. మాదిగపల్లె కుర్రాడు. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయని చూశాడు, చొక్కా వాసన చూశాడు. "పత్తికా, మిరపకా? ఏం మందమ్మా?" అన్నాడు. తెల్లవార్లూ అట్రోపిన్ ఇస్తూ మంచం పక్కనే ఉన్నాడు. చిన్నాయన బతికాడు.

ఇద్దరూ ముందురోజు పొద్దున్నుంచి నిద్ర లేనోళ్లే. అలసట ఒకటే, వినడం వేరు. మొదటి అతని కులం నేనడగలేదు. అక్కర్లేదు కూడా. చేలో కూలోడంటే తాగుబోతే అన్న తీర్పు అతను పుట్టకముందే తయారై ఉంది. ఓపిక ఉన్నప్పుడు మర్యాద దాన్ని కప్పుతుంది. అలిసినప్పుడు ఆ కప్పు జారిపోతుంది.

అట్లాగని రెండో కుర్రాణ్ణి దేవుణ్ణి చెయ్యొద్దు. పొద్దున టీ బడ్డీ దగ్గర "ఇంకో కేసొస్తే నేనూ అరిచేవాణ్ణే అన్నా" అన్నాడు. పేటల నుంచి ఎవరొచ్చినా "మీవాళ్లొచ్చారు, నువ్వే మాట్లాడు" అని అతన్నే పంపుతారట. అంటే సహానుభూతిని కూడా కులవృత్తి చేశారు. దానికి తోడు రిజర్వేషన్ సీటన్న ఎత్తిపొడుపు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల మీద వివక్ష ఉందని 2007లోనే థోరట్ కమిటీ రాసింది. మాస్లాక్ 22 ప్రశ్నల్లో ఈ అదనపు చాకిరీకి గడి లేదు. అతను "బాగా అలిసినవాడు" అని మాత్రమే లెక్కకొస్తాడు.

పని గంటల సంగతీ చూద్దాం. రెసిడెంట్లకు మామూలుగా వారానికి 48 గంటలని 1992లో కేంద్రం చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. 32 ఏళ్లలో కోరికే 26 గంటలు వెనక్కి నడిచింది! నిద్ర కావాలి, చాలినంతమంది డాక్టర్లు కావాలి. ఇది అందరి డిమాండు, మనదీ.

కానీ కంటినిండా నిద్రపోయి లేచిన డాక్టరుకైనా "మందు కొట్టాడు" అన్న మాట అర్థమవుతుందా? 2019 నుంచి ఎం.బి.బి.ఎస్.లో రోగితో మాట్లాడే తీరు ఒక పాఠం. ఆ పాఠంలోకి చేను రావాలి, కూలోడి భాష రావాలి, కులం రావాలి. కారంచేడు (1985), చుండూరు (1991) జరిగిన నేల ఇది. ఇక్కడ మనిషి మనిషిని ఎట్లా చూస్తాడో కొలిచే కాగితం మీద కులం లేకపోతే, ఆ కొలత ఎవరికోసం?