తార్నాకలో ఒక పరిశోధనా వ్రతము
తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు చేరువనున్న జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరున వైద్యుడు మెకారిసన్ ఆరంభించిన బెరిబెరి పరిశోధననుండి పెరిగి, 1958లో హైదరాబాదు చేరినది. అచ్చట డాక్టర్ వినోదినీ రెడ్డిగారు, శ్రీకంఠయ్యగారితో కూడి క్వాషియార్కర్ అను పోషకాహారలోప వ్యాధిగల శిశువుల ప్రతిరక్షకములను పరిశీలించి, పిదప 1975లో భాస్కరంగారితో కలిసి, ఇనుము కొరవడిన బిడ్డలలో కణాశ్రిత రోగనిరోధకశక్తి సన్నగిల్లునని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. గొఱ్ఱె నెత్తుటి ఎఱ్ఱకణములు చుట్టును పూవురేకులవలె అంటుకొనగా రోగనిరోధకశక్తికి ఆధారమైన టీ కణములను గుర్తించి, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటే లెక్కించుచుండిన కాలమది. ఆ చేతిపనికి ఎంతటి ఓర్పు! ఆ వ్యాసమును ఎందరు ఉదహరించిరను గణనకన్న, అంటురోగమునకు మందుతోపాటు బిడ్డ తినెడి అన్నమునుగూడ విచారింపవలెనని వైద్యునకు తెలిపినదే నాకు ఘనముగా తోచును.