కత్తిరించిన బొమ్మ, అడుక్కున్న బొమ్మ

ఈమధ్య ఏప్రిల్ 14 పోస్టర్లు చూస్తుంటే మాకో అనుమానం వస్తోంది. బాబాసాహెబ్ మనకు తెలిసినట్టే ఉన్నారు, కానీ ఆయన కాదు. చెంపలు నున్నగా ఉన్నాయి, రంగు తేలింది, దవడ సినిమా హీరోకి మల్లే తీరింది. వెనక సూర్యోదయం. చేతిలో లావుపాటి పుస్తకం, దానిమీద అక్షరాల్లాంటి గీతలు. దగ్గరకెళ్లి చూస్తే అది ఏ భాషా కాదు. చదవరాని రాజ్యాంగం పట్టుకున్న అంబేద్కర్! యంత్రం పొరపాటని నవ్వి వదిలేయొచ్చు. మేం వదలదల్చుకోలేదు.

మొన్నమొన్నటిదాకా మన వాడల్లో కుర్రాళ్లు ఈ పోస్టర్లు ఫోన్లోనే, పిక్సెల్ ల్యాబ్ లాంటి చిన్న యాప్‌తో చేసుకునేవాళ్లు. ఎక్కడినుంచో సంపాదించిన అంబేద్కర్ ఫోటో చుట్టూ ఉన్నదంతా వేలితో చెరిపి, వెనక నీలం పూసి, ‘జై భీమ్’ అని లావు అక్షరాలు పెట్టి, కింద గుండ్రటి చట్రాల్లో వరసగా తమ మొహాలు అతికించేవాళ్లు. పెళ్లిలో దిగినవి, నల్లకళ్లద్దాలతో దిగినవి, పాస్‌పోర్టు సైజువి. పేరు, ఇంటిపేరుతో సహా. అంచులు గరుకుగా ఉండేవి, ఒకడి చెవి తెగిపోయేది. కళాభిమానులు వెక్కిరించారు. ఆ ఫ్లెక్సీ ఊరి సెంటర్లో కట్టిన రోజు జరిగే గొడవలు మాత్రం వాళ్లకి పట్టలేదు. గొడవ పైనున్న అంబేద్కర్ ఒక్కడితోనే కాదు, కింది వరసలోని మొహాలతో కూడా. మాల, మాదిగ కుర్రాళ్లు పేరుతో సహా బజార్లో నిలబడటం, అదీ అసలు సంగతి. సౌందర్యశాస్త్రం చెప్పేవాళ్లు చూడాల్సింది ఆ కింది వరసనే.

ఇప్పుడా కుర్రాళ్లే కృత్రిమ మేధ వేదికలకు మారుతున్నారు. కత్తిరించేది లేదు, అతికించేది లేదు. నాలుగు మాటలు కొడితే నిమిషంలో బొమ్మ. మారినందుకు మేం తప్పుపట్టం. కొత్త పనిముట్టు చేతికొచ్చినప్పుడల్లా ‘మీకెందుకురా ఇవన్నీ’ అన్నవాళ్ల వరసలో మేం చేరం. పాత యాప్ మాత్రం మన తాత చేసిందా? మా ప్రశ్న వేరు. పాత పద్ధతిలో బొమ్మ మనం తీసుకెళ్లేవాళ్లం, యంత్రం కత్తెర ఇచ్చేది. కొత్త పద్ధతిలో మనం మాట ఇస్తే యంత్రం బొమ్మ పెడుతుంది. పెట్టేవాడు ఏం పెడతాడు? తన ఇంట్లో ఉన్నదే పెడతాడు.

ఆ ఇంట్లో ఏముందో చూడండి. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ చదువుకున్నది లయన్-5బి అనే పోగులోంచి. ఇంటర్నెట్‌లో ఏరిన 585 కోట్ల బొమ్మలూ, వాటి పక్కన ఎవరెవరో రాసిన మాటలూ ఆ పోగులో ఉన్నాయి. ‘దళిత’ అనే మాట పక్కన లోకం ఏ బొమ్మలు పెడుతుందో మనకు తెలియంది కాదు. పత్రికలకు మనం గుర్తొచ్చేది శవం లేచినప్పుడో, మ్యాన్‌హోల్లో మనిషి పోయినప్పుడో. 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక సోరా అనే వేదికను పరీక్షించింది. ‘దళితుడి పని’ అని అడిగితే మాసిన బట్టలు, చేతిలో చీపురు, మ్యాన్‌హోల్లో దిగిన నల్లటి మనిషి. ‘బ్రాహ్మణుడి పని’ అంటే తెల్లబట్టల్లో తెల్లటి పూజారి. ‘దళిత ప్రవర్తన’ అంటే కొన్నిసార్లు డాల్మేషియన్ కుక్క. మనువు శ్లోకం కట్టి చెప్పినదాన్ని ఇది లెక్కలేసి చెబుతోంది.

నీలం కోటు మాత్రం ఏ ఫోటోలో ఉందని ఒక మిత్రుడు మమ్మల్ని నిలదీశాడు. నిజమే. మనదాకా వచ్చిన ఆయన ఫోటోలు నలుపు తెలుపువే. నీలం మన పెయింటర్లు, విగ్రహాలు చేసేవాళ్లు వేసింది. కానీ 1942లో పుట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. ఆ రంగు ఎందుకేశావని అడిగితే మన పెయింటర్ జవాబు చెప్పగలడు. మొహం ఎందుకు తెల్లబడిందని అడిగితే జవాబు చెప్పాల్సిందెవరు?

జయంతి పోస్టర్లతో ఆగితే ఇంత రాసేవాళ్లం కాదు. చుండూరు మీద సంచిక వేద్దామంటే మాలో ఒకరు యంత్రంతో బొమ్మ చేయించుకొచ్చారు. ఏడుస్తున్న తల్లి, వెనక మండుతున్న గుడిసె. చూడ్డానికి బావుంది. అదే మమ్మల్ని భయపెట్టింది. చుండూరు కథ మండే గుడిసె కాదు. 1991 ఆగస్టు 6న పొలాలెమ్మట తరిమి చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసిన కథ. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని కొట్టేసింది. మన సాక్షుల మాటే చెల్లని చోట మనమే చేయించిన బొమ్మ అచ్చేస్తే, రేపు అసలు ఫోటో చూపించినా ‘ఇదీ చేయించిందేగా’ అంటారు. 2023లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కొలంబియా నిరసనల మీద ఇలాంటి బొమ్మలు వాడి, విమర్శలొచ్చాక తీసేసింది. నిరసనకారుల్ని కాపాడటానికే అలా చేశామంది. ఆ కారణం చిన్నదేం కాదు, మొహం బయటపడితే మన సాక్షికీ ముప్పే. దానికి కళ్లమీద నల్లపట్టీ వేసే పాత పద్ధతి ఉంది. ఆ పనికి పిక్సెల్ ల్యాబ్ చాలు.

చివరికి చుండూరు రక్తక్షేత్రం ఫోటోనే వేశాం. ఫోన్లో తీసింది, కాస్త వంకర, పైన కరెంటు తీగ అడ్డం వచ్చింది. తీగ చెరిపేద్దామా అని అడిగారు కుర్రాళ్లు. ఉండనిమ్మన్నాం.