ఎయిడ్స్ కథకు చావే ముగింపా?

సాహిత్యంలో రోగం వట్టి రోగంగా కనిపించడం అరుదు. క్షయ విరహుల రోగమయింది, కుష్ఠు పాపుల రోగమయింది. తమిళంలో ఎం.ఆర్. రాధా, తెలుగులో నాగభూషణం ఊరూరా ఆడిన ‘రక్తకన్నీరు’ నాటకంలో భార్యను నిర్లక్ష్యం చేసి వేశ్యను మరిగిన నాయకుడు కుష్ఠురోగి అవుతాడు. కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. భోగలాలసతో ఆ రోగానికి సంబంధం లేదు. అయినా ప్రేక్షకుడికి ఆ శిక్ష న్యాయంగానే తోచింది. నాటకం అక్కడ నడిచింది కర్మసిద్ధాంతం మీద గనుక.

ఎయిడ్స్ గురించిన మన ప్రచార రచనలను ఈ సంప్రదాయం పక్కన పెట్టి చూడాలి. మద్రాసులో 1986లో డాక్టర్ సునీతి సోలోమన్, నిర్మల చేసిన పరిశోధనలో ఈ దేశపు తొలి కేసులు బయటపడ్డాయి. పరీక్షించింది సెక్స్ వర్కర్ల రక్తాన్ని. వైరస్‌కు వృత్తితో, నీతితో పని లేకపోయినా నింద మాత్రం ఆ స్త్రీల దగ్గరే ఆగిపోయింది. పాత ఇతివృత్తానికి కొత్త రోగం దొరికింది.

ఉపాధ్యాయుడిగా ఏటా డిసెంబర్ 1న ఇలాంటి నాటికలు చూస్తుంటాను. ఒక లారీ డ్రైవరు. దారిలో ఒక ‘చెడ్డ’ ఆడది. కొన్నాళ్లకు దగ్గు, నీరసం, డాక్టరు తల అడ్డంగా ఊపడం, చావు. భార్య ఏడుస్తుంది; ఆమెకు వేరే సంభాషణ ఉండదు. నెలల తరబడి మనిషిని ఇంటికి దూరం చేసే బతుకుతెరువు ప్రసక్తి ఉండదు. పెళ్లి తప్ప మరే ‘తప్పూ’ చేయకుండా వైరస్ సోకిన ఆ భార్య తర్వాత ఏమయిందో ఎవరూ చెప్పరు.

ప్రచారంలో ప్రతిభ లేకపోలేదు. 2003 ప్రాంతాల్లో, నేను ఎం.ఏ. తెలుగు చదువుతున్న రోజుల్లో, ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద వెలిసింది. ఎవరీ పులిరాజా అని జనం చర్చించుకున్నారు. నలుగురిలో పలకడానికి జంకే మాటను నలుగురి నోటా పలికించడం ఆ వాక్యం సాధించిన విజయం. కానీ దాని వ్యాకరణం చూడండి. అది ప్రథమ పురుషలో ఉంది. రోగం వచ్చేది ఎవరో పులిరాజాకు. మనం చూసి నవ్వుకునేవాళ్లం. పైగా ప్రశ్న ‘వస్తుందా’ అన్న చోటే ఆగింది. వచ్చాక ఎలా బతుకుతాడన్నది దాని పరిధిలో లేదు.

అప్పటికి ఆ పరిమితికి కొంత కారణం ఉంది. మందులు ఉన్నా పేదవాడికి అందేవి కావు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వాసుపత్రులలో ఏ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయింది. హెచ్.ఐ.వి. సోకడం వేరు, రోగనిరోధక శక్తి క్షీణించి ఎయిడ్స్ దశకు చేరడం వేరు. సకాలంలో మొదలుపెట్టి రోజూ మందు వేసుకుంటే ఆ దశ రాకుండానే మనిషి దీర్ఘకాలం బతుకుతాడు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గి, అలాగే ఉన్నంతకాలం లైంగికంగా మరొకరికి సోకదు. తల్లికి చికిత్స అందితే బిడ్డకు సోకే అవకాశం అతి స్వల్పం. వస్తువు ఇంతగా మారింది. మన కథాశిల్పం మాత్రం శవం దగ్గరే ఆగి ఉంది.

భయం లేకపోతే జాగ్రత్త ఎక్కడుంటుందని కొందరు మిత్రులు అడుగుతారు. కండోమ్ వాడమని, ఒకరికి వాడిన సూది మరొకరు వాడవద్దని చెప్పడానికి శవం అవసరం లేదు. చావు ఖాయమని నమ్మినవాడు పరీక్షకు వెళ్లడు. పరీక్ష లేనిదే మందు లేదు. మందు లేనివాడు తాను క్షీణిస్తాడు, తెలియకుండానే మరొకరికి అంటిస్తాడు. భయపెట్టే నాటిక తాను ఆపదలచిన పనికే దోహదం చేస్తోంది. కలిసి భోంచేస్తే, ఒకే బెంచీ మీద కూర్చుంటే సోకదన్న సంగతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. నాటిక చూసిన పిల్లవాడికి గుర్తుండేది మాత్రం శవం. 2018 సెప్టెంబర్ 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం చదువులో, ఉద్యోగంలో, వైద్యంలో వివక్షను నిషేధించింది. బెంచీ మీద పక్కకు జరిగే పిల్లవాడి మనసులోకి చట్టం వెళ్లలేదు. అక్కడికి వెళ్లగలిగింది కథే.

అభ్యుదయ రచయితలు చేయవలసిన పని ఇక్కడుంది. బస్సెక్కి నెలనెలా ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్లివచ్చే కూలీ మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది. మందు డబ్బా మీది కాగితం చింపి ఇంటికి తెస్తుంది. అత్తగారికి ఏ అబద్ధం చెప్పాలో దారిపొడవునా ఆలోచించుకుంటుంది. చివరిదాకా ఆమె చావదు. ఆ బతుకును చావుతో ముగించకుండా రాయగల శిల్పం మనకు కావాలి.