చుక్క దగ్గర తంటా

2016 అక్టోబర్ 11న పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడివడ్డాక, పాత రైతు లిస్టులున్నవాళ్లకు చేతినిండా పని పడింది. ఒకే గడిలో 'కొల్లాపూర్, మహబూబ్‌నగర్' అని ఉంటే, కామా దగ్గర విడగొట్టి రెండో కాలమ్‌లో నాగర్‌కర్నూల్ అని మార్చాలి. ఎక్సెల్‌లో డేటా మెనూకు పోయి టెక్స్ట్ టు కాలమ్స్ నొక్కితే అయిపోతుంది. కామా మాట తప్పదు. పేర్లలో ఖాళీని నమ్మితేనే చెడతాం. మన ఊళ్లలో పెద్ద, చిన్న కూడా పేరులో భాగమే కదా!

నాకు అసలు భయం భూమి కాలమ్‌తోనే. మన లిస్టుల్లో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలకు ఎకరం కాబట్టి ఏ రైతునడిగినా రెండున్నర అంటాడు. ఎక్సెల్ మాత్రం రెండు పాయింట్ రెండు అంటుంది. పంట పెట్టుబడి సాయం రైతు భరోసాను ఎకరాకు సీజన్‌కు 6,000 చొప్పున లెక్క కట్టి చూడండి. రెండున్నరకు 15,000 రావాలి, 2.2కు వచ్చేది 13,200. చుక్క మింగింది 1,800.

పోనీ, చుక్క దగ్గరే విడగొడదామంటే అక్కడింకో గొయ్యి. 2.20 కొట్టి ఎంటర్ నొక్కగానే చివరి సున్నా ఎగిరిపోతుంది. మిగిలిన 2.2ను విడగొడితే గుంటల కాలమ్‌లో పడేది 2. నిజంగా రెండు గుంటలే ఉన్న 2.02 రైతుకూ అదే 2. ఒకరిది అరెకరం, ఇంకొకరిది 242 గజాలు. కాగితం మీద ఇద్దరూ సమానం.

అందుకే కొట్టకముందే కాలమ్‌ను టెక్స్ట్‌గా పెడతాను. సర్వే నంబరు 12/3ను తేదీ చేసే జబ్బుకూ అదే మందు. సున్నా పోయాక చేతికొచ్చిన లిస్టునైతే అసలు విడగొట్టను. ఇంట్ ఫార్ములాతో ఎకరాలు తీసి, మిగిలినదాన్ని వందతో హెచ్చించి రౌండ్ చేస్తాను. అప్పుడు .2 ఇరవై అవుతుంది, .02 రెండవుతుంది. గుంటలన్నీ కూడి నలభైతో భాగిస్తే ఎకరాలు తేలుతాయి.

తుంగభద్ర అవతల కర్నూలు లిస్టు వస్తే ఈ తంటా ఏదీ అక్కర్లేదు. అక్కడ సెంట్లు, వందకు ఎకరం; ఎక్సెల్ లెక్కే సరి. అలంపూర్‌లో కొంత, అవతల కొంత పొలం ఉన్న రైతు లిస్టుకు మాత్రం ముందుగా ఇంకో కాలమ్ చేర్చాలి, ఏ ఒడ్డు అని.