మూడు ప్రదక్షిణలు, ఒక్క క్యూ

తిరుమల నుంచి వచ్చినవాళ్లని కదిపితే వచ్చే మాటలు రెండే: దర్శనానికి ఎన్ని గంటలు పట్టింది, స్వామి ఎంతసేపు కనిపించాడు. మధ్యలో ఎన్ని వాకిళ్లు దాటారో చెప్పేవాళ్లు తక్కువ. తప్పు వాళ్లది కాదు. చుట్టూ తిరిగి చూడమని కట్టిన గుడి అది. క్యూ మాత్రం తిన్నగా లోపలికి తోసుకుపోతుంది.

ఆ గుడికి మూడు ప్రదక్షిణ మార్గాలున్నాయి. మహాద్వారం, పాతవాళ్ల మాటలో పడికావలి, దాటితే సంపంగి ప్రదక్షిణం. అడుగుపెట్టగానే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయల విగ్రహం ఉంటుంది. రాజ్యమేలినవాడు ఇక్కడ ద్వారం పక్కన భక్తుడు. కాస్త లోపల రంగనాయకుల మండపం. 14వ శతాబ్దంలో శ్రీరంగంపై దాడులు జరిగినప్పుడు రంగనాథుడి ఉత్సవమూర్తి తలదాచుకున్న చోటు. ఏడు ప్రాకారాల మధ్య ఊళ్లో ఊరులా ఉండే గుడి దేవుడికి మూడు ప్రాకారాల కొండగుడి ఆశ్రయమిచ్చింది! ఇంత కథ ఉన్న ఈ మార్గంలో ఇప్పుడు మామూలు భక్తులకు ప్రదక్షిణ లేదు.

ధ్వజస్తంభం దగ్గర వెండివాకిలి. అది దాటితే విమాన ప్రదక్షిణం. పోటు అనే వంటశాల, బంగారుబావి, యాగశాల, హుండీ అన్నీ ఇక్కడే. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు 1922లో వెలుగుచూసిన తాళ్లపాక అర కూడా ఇక్కడిదే. పుష్కరిణిలో మునిగి, తడిబట్టలతో తెల్లవారకముందే నేలమీద పొర్లే అంగప్రదక్షిణ ఈ రాళ్లమీదే సాగుతుంది. గుడి కొలత కళ్లతో కాక ఒంటితో తెలిసేది అలా పొర్లేవాళ్లకు మాత్రమే.

మూడోది ముక్కోటి ప్రదక్షిణం. గర్భాలయాన్ని అంటిపెట్టుకున్న ఇరుకు దారి. ఏడాది పొడవునా మూసి ఉండి, వైకుంఠ ఏకాదశికి తెరుచుకుంటుంది. ఒకప్పుడు రెండు రోజులే తెరిచేవారు, 2020 నుంచి పది రోజులు తెరుస్తున్నారు. భక్తులకు మేలే కానీ, అరుదైనదన్న భావం మాత్రం కొంత పలచబడింది.

వెండివాకిలి తర్వాత వచ్చే బంగారువాకిలి దగ్గర ఈ కట్టడం మర్మం తేటపడుతుంది. తెల్లవారుజామున సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడుస్తాడు, అర్చకులు గడియ తీసే కుంచెకోల, తాళాలతో వెనక వస్తారు. తలుపు తీసేటప్పుడు సుప్రభాతం. లోపల స్నపన మండపం, రాములవారి మేడ, శయన మండపం, ఆపైన కులశేఖరపడి అనే గడప. ఆ గడప దగ్గర అర్చకులు తప్ప అందరూ ఆగిపోవాలి. ఒక్కో వాకిలికీ చోటు ఇరుకవుతుంది, వెలుగు తగ్గుతుంది, మాట అణుగుతుంది. ఆ మెల్లమెల్లని మార్పు కోసమే ఇన్ని గోడలు. క్యూలో పక్కవాడి భుజం తప్ప మరేదీ కనిపించనివాడికి ఆ మార్పు అందదు. అది పెద్ద నష్టమే.

అయినా ఒక అవకాశం మిగిలింది. దర్శనమయ్యాక జనాన్ని విమాన ప్రదక్షిణం మీదుగానే పంపుతారు. ఈసారి లడ్డూ కౌంటరు వైపు పరుగెత్తే ముందు అక్కడ ఓసారి తలెత్తండి. 1518లో రాయలు బంగారు పూత పూయించిన ఆనందనిలయ గోపురం మీద, వెండి తోరణం మధ్య, చిన్న విమాన వేంకటేశ్వరుడు కనిపిస్తాడు.