సాక్ష్యం ఎవరు చెప్పాలి?

మా మందిరంలో ఆదివారం సాక్ష్యం చెప్పేవాళ్ల పేర్లు రాసుకునే పని చాలాకాలంగా నాదే. జబ్బు చేసింది, డాక్టర్లు చేతులెత్తేశారు, ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం, ప్రభువు లేపాడు. స్తోత్రం! అందులో అబద్ధం ఉందని నేననను. కానీ జబ్బు తగ్గనివాళ్లు నా దగ్గరికొచ్చి పేరు రాయించుకోరు. చెప్పడానికి తమ దగ్గర ఏమీ లేదనుకుంటారు.

డాక్టర్ మేరీ వర్గీస్‌ను అడిగితే ఏం చెప్పేదో! కేరళ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, వెల్లూరు సీఎంసీలో డాక్టరయింది. వైద్యానికని కాట్పాడిలో రైలు దిగే మనవాళ్లకు బాగా తెలిసిన ఆసుపత్రే. 1954లో వాహన ప్రమాదం. నడుము కింద శరీరం చచ్చుబడింది, ముఖమూ దెబ్బతింది. ప్రార్థించేవాళ్లకు వెల్లూరులో కొదవా? అయినా కాళ్లు రాలేదు.

అక్కడే డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసేవాడు. ఆ రోగంలో నరాలు దెబ్బతిని వేళ్లు కొక్కేల్లా వంగిపోతాయి, అన్నం ముద్ద కూడా పట్టవు. బాగా పనిచేస్తున్న కండరం నుంచి టెండన్‌ను మళ్లించి ఆ వేళ్లకు కుట్టాలి. ఓపిగ్గా చేయాల్సిన పనే గానీ, కూర్చుని చేయొచ్చు. ఆ మాట బ్రాండ్‌కు తట్టింది. మేరీ చక్రాల కుర్చీలో కూర్చునే ఆ సర్జరీ నేర్చుకుంది. తర్వాత ఆస్ట్రేలియాలోనూ న్యూయార్క్‌లోనూ శిక్షణ పొంది వచ్చి, వెల్లూరులో పునరావాస వైద్య విభాగాన్ని నడిపింది. వెన్ను దెబ్బతిన్నవాళ్ల కోసం 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరుచుకుంది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

దేవుని పిలుపు అని మనం తరచూ అంటుంటాం. మేరీకి ఆ పిలుపు తోటి డాక్టరు అప్పగించిన పనిగా వచ్చిందని నా నమ్మకం. ఆమె విశ్వాసం గట్టిదే, సందేహం లేదు. కానీ బ్రాండ్ కూడా ప్రార్థించి ఊరుకుని ఉంటే?

పాస్టర్లకూ సంఘ పెద్దలకూ నా విన్నపం ఒకటే. నడవలేనివాళ్లు మందిరానికొస్తే తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించండి, కాదనను. ఆ వెంటనే సండే స్కూలు క్లాసో కానుకల లెక్కలో వాళ్లకు అప్పగించండి. ముందుగా మెట్ల పక్కన ర్యాంపు కట్టించండి. మా మందిరానికీ ఇంకా లేదు.