రన్నింగ్ నోట్స్ పక్కన తెరవాల్సిన పేజీ

ఒక ప్రోగ్రామింగ్ భాష ఎలా పనిచేస్తుందో దాన్ని తయారుచేసినవాళ్లు, నడిపేవాళ్లు రాసిపెట్టిన అధికారిక వివరణే డాక్యుమెంటేషన్. జావాది ఒరాకిల్ సైటులో, డాట్‌నెట్‌ది మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో, వెబ్ టెక్నాలజీలది మొజిల్లా 2005లో మొదలుపెట్టిన ఎండీఎన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పేరున్న అమీర్‌పేటలో మాత్రం చదువంతా రన్నింగ్ నోట్స్ మీదే సాగుతూ వచ్చింది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో ఫ్యాకల్టీ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. చేతిరాత బాగున్న నోట్సు జిరాక్స్ షాపుకు చేరి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని, పంజాగుట్ట దాకా ఉన్న హాస్టల్ గదులకు వెళ్తుంది. ఇంగ్లీషు మాన్యువల్ చూస్తేనే బెదిరిపోయే పల్లెటూరి విద్యార్థిని ఉద్యోగం దాకా నడిపించిన ఘనత ఈ నోట్సుది. దాన్ని తీసిపారేయడం అన్యాయం.

చిక్కు వెర్షన్ దగ్గర వస్తుంది. ఫలానా పాఠం ఏ వెర్షన్‌కు చెప్పారో జిరాక్స్ కాపీలో చాలాసార్లు ఉండదు. జావాలో డేట్ క్లాసుకు సంవత్సరం, నెల, రోజు ఇచ్చి తేదీ తయారుచేసే పద్ధతినే తీసుకుంటే, అక్కడ సంవత్సరాన్ని 1900 నుంచి, నెలను సున్నా నుంచి లెక్కపెడతారు. తెలియక 2014 అని ఇస్తే 3914 వస్తుంది. ఆ పద్ధతిని 1.1 వెర్షన్‌లోనే పక్కన పెట్టేశారు. డాక్యుమెంటేషన్ పేజీలో దాని పక్కన 'డిప్రికేటెడ్' అనే మాట, బదులుగా ఏది వాడాలన్న సూచన ఉంటాయి. తేదీల కోసమే కొత్త ప్యాకేజీ 2014లో జావా 8తో వచ్చింది.

డాక్యుమెంటేషన్ పేజీలను కథలా మొదటి నుంచి చివరిదాకా చదవకూడదు. ముందు పైన వెర్షన్ చూడాలి. తర్వాత మెథడ్ పేరు, అది ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎప్పుడు ఎర్రర్ ఇస్తుంది అన్న వరసలో చూడాలి. స్ట్రింగ్ క్లాసులోని సబ్‌స్ట్రింగ్ మెథడ్ పేజీలో హాంబర్గర్ అనే ఇంగ్లీషు మాటను ఉదాహరణగా ఇచ్చారు. 4, 8 ఇస్తే యు, ఆర్, జి, ఇ అనే నాలుగు అక్షరాలే వస్తాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, 4వ స్థానం కలుస్తుంది, 8వది కలవదు. ఇంటర్వ్యూలో తరచూ తడబడే చోటు ఇదే. ఆ ఒక్క ఉదాహరణను వేళ్ల మీద లెక్కపెట్టి చూస్తే బట్టీ పట్టే పని తప్పుతుంది. స్ట్రింగ్ పొడవును మించిన సంఖ్య ఇస్తే వచ్చే ఎక్సెప్షన్ పేరు కూడా అక్కడే, కిందే ఉంటుంది.

ఇలా ప్రతి పేజీనీ ఒకే వరసలో రాయడం పాత అలవాటే. 1971లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు రాసిన మాన్యువల్‌లో ప్రతి కమాండ్‌కూ పేరు, వాడే తీరు, వివరణ వరసగా ఉండేవి. తెలిసిన లోపాలకు ‘బగ్స్’ అనే శీర్షిక కూడా ఉండేది. తమ పనిలోని లోపాన్ని తామే రాసిపెట్టిన నిజాయితీ అది. లినక్స్‌లో నేటికీ మ్యాన్ కమాండ్ కొడితే అదే వరస కనిపిస్తుంది.

హాస్టల్ వైఫై సరిగా లేకపోయినా ఇబ్బంది లేదు. జావా, పైథాన్ డాక్యుమెంటేషన్‌లను మొత్తంగా డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండానే చదవవచ్చు. క్లాసు ముగిసిన రోజు సాయంత్రమే ఆ రోజు చెప్పిన మెథడ్ పేజీ తెరిచి, నోట్సు మార్జిన్‌లో వెర్షన్ నంబరు, ఎక్సెప్షన్ పేరు రాసుకుంటే జిరాక్స్ కాపీలో లేని ఆ రెండు వివరాలూ దానికి చేరతాయి.